ఉచిత పత్రికా పఠనము: రచ్చకట్ట నుండి అంతర్జాలము వరకు

విద్యాదానము అన్నదానమునకు తీసిపోదని పెద్దల మాట. వార్తాపత్రికను పదిమందికి చదువనిచ్చుట కూడ విద్యాదానములో ఒక భాగమే. వేరుశనగ ధర యెంత పలుకుచున్నది, ఊరికి రావలసిన నీరు ఎచ్చట నిలిచినది, పంట పోయినవారికి ప్రభుత్వము ఏమి యిచ్చుచున్నది, చట్టసభలో తన ప్రతినిధి ఏమి పలికెను, ఈ సంగతులు తెలిసిన రైతునకును తెలియని రైతునకును గల అంతరము చిన్నది కాదు. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు మించి వాన కురియని అనంతపురపు సీమలో ఆ అంతరము మరింత పెద్దది.

అయినను పత్రికకు వెల యున్నది. వార్త సేకరించిన వానికి జీతము కావలెను. కాగితమునకు, సిరాకు, రవాణాకు సొమ్ము కావలెను. కావున పాఠకుడు వెల యీయక పత్రికను చదివిన ప్రతి కాలమునందును ఆ వెలను మరియొకరు చెల్లించియే యుండిరి. చెల్లించినది ఎవరు, ఎందులకు చెల్లించిరి, ఎంతకాలము చెల్లించిరి అను మూడు ప్రశ్నలకు సమాధానమే ఉచిత పత్రికా పఠన చరిత్ర.

తాడిమర్రి గ్రామ గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సమయమున ఆ చరిత్రను తలచుకొనుట ఉచితము. ఏలయన, గ్రంథాలయమునకు పాతికేండ్లు నిండిన ఈ కాలమే తెలుగు దినపత్రికలు అంతర్జాలమున వెల లేకుండ దొరకిన కాలము. చేతిలోని ఫోనులో పత్రికలు చదువుకొనగలిగిన యువకుడు, గ్రంథాలయమున పేపరు బల్ల ఇంకను ఎందులకని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానము చరిత్రలోనే లభించును.

పత్రిక ఊరికి వచ్చిన విధము

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో తెలుగు పత్రిక పట్టణముల సొత్తు. 1902లో బందరున కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గార్లు కృష్ణాపత్రికను ప్రారంభించిరి. ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుండి 1945లో కాలధర్మము నొందువరకు దానికి సంపాదకులుగ నుండిరి. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయి నగరమున ఆంధ్రపత్రికను వారపత్రికగ వెలువరించి, 1914 ఏప్రిల్ 1వ తేదీన చెన్నపట్టణము నుండి దినపత్రికగ మార్చిరి. 1938 ఆగస్టు 15న చెన్నపట్టణముననే ఆంధ్రప్రభ వెలసెను.

ఈ పత్రికలు చందాదారులకు టపాలో చేరెడివి. రైలు వచ్చు ఊరికి ముందుగా వచ్చును. రాని ఊరికి ఆలస్యముగ వచ్చును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము రైలుదారి మీది ఊళ్లు. తాడిమర్రి వంటి గ్రామములు ఆ దారికి దూరము. రైలు దిగిన సంచి బండి మీదనో కాలినడకనో లోపలి పల్లెలకు చేరవలసి యుండెను. ఊరికంతకును ఒకటి రెండు ప్రతులు వచ్చుటయే గొప్ప. చందా కట్టిన గృహస్థు తాను చదివిన పిమ్మట దానిని రచ్చకట్టకు పంపెడివాడు. అక్కడ అక్షరము వచ్చిన ఒకడు బిగ్గరగా చదువగా పదిమంది వినెడివారు. 1961 జనాభా లెక్కలనాటికి సయితము ఆంధ్రప్రదేశమున నూటికి సుమారు 21 మంది మాత్రమే అక్షరాస్యులు. కావున ఒకరు చదువుట, పలువురు వినుట అనునది తెలుగు పల్లెలలో పత్రికాపఠనమునకు తొలిరూపము. ఆ రచ్చకట్ట శ్రోతకు పత్రిక ఉచితమే. వెల చెల్లించినవాడు చందాదారు.

ఆ చందాదారు కూడ పూర్తి వెల చెల్లించినాడని చెప్పరాదు. నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి విశేషముగ ధనమార్జించిరి. ఆంధ్రపత్రికను నిలబెట్టినది చాలవరకు ఆ తలనొప్పి మందుపై వచ్చిన లాభమే. మందునకు ప్రచారము కావలసినప్పుడు ఆయన సంగీత సభలలో దానిని ఊరక పంచిపెట్టెడివారని ప్రసిద్ధి. ఊరక యిచ్చి అలవాటు చేయుట, అలవాటైన పిదప అమ్ముట అను వ్యాపార సూత్రము ఇందు కనబడుచున్నది. ఆ సూత్రమే నూరేండ్ల తరువాత వార్తాపత్రికల విషయమున మరల ముందుకు వచ్చెను. అయితే పంతులు గారు మందుతో ఆర్జించిన ధనమును పత్రికకును, గ్రంథ ప్రచురణకును, దేశసేవకును వ్యయపరచిరి. దేశోద్ధారకుడను పేరు వారికి అందువలననే వచ్చెను. 1926లో ప్రారంభించిన ఆంధ్ర గ్రంథమాల ద్వారా మంచి పుస్తకములను తక్కువ వెలకు ప్రజలకు అందించిరి.

గ్రంథాలయోద్యమము

దాత యొకని ఔదార్యమున్నచో పత్రిక రచ్చకట్టకు వచ్చును; లేనిచో రాదు. ఈ లోపమును గుర్తించి, పఠనమును ఒకని దయపై గాక ఊరి సంస్థపై నిలుపవలెనని తలచినవారు గ్రంథాలయోద్యమ నాయకులు. 1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తి గారు నెలకొల్పిన గ్రంథాలయమును ఆంధ్రదేశపు పౌర గ్రంథాలయములలో మొదటిదిగ చెప్పుదురు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు గార్ల పూనికతో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయము వెలసెను. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయము ఏర్పడెను.

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్య గారి కృషి ఫలితముగ ప్రథమ ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల మహాసభ జరిగెను. దానికి చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు అధ్యక్షత వహించిరి. కంటిచూపు మందగించి, ఇతరులచే చదివించుకొని వినుచుండిన కవి, చదువరుల మహాసభకు అధ్యక్షులగుట గమనింపదగినది. చదువు చూపుగలవానికే పరిమితము కాదని, వినువానికి కూడ చెందునని ఆ సభ తన అధ్యక్షుని ఎంపికచేతనే చాటినట్లయ్యెను. అదే సంవత్సరము, అదే నెలలో, తొమ్మిది దినముల ముందు ఆంధ్రపత్రిక దినపత్రికయైన సంగతి కూడ జ్ఞప్తియందుంచుకొనదగినది. పత్రికయు పఠనమందిరమును కవల పిల్లలవలె పెరిగినవి.

ఆ దినములలో గ్రామ గ్రంథాలయమునకు వచ్చువారిలో పెక్కుమంది తొలుత వచ్చినది పుస్తకము కొరకు కాదు, పత్రిక కొరకే. పత్రికకై వచ్చినవాడు పుస్తకము చేతబట్టెను. జాతీయోద్యమ వార్తలు, సభల వివరములు, ఖైదుల జాబితాలు పత్రికలలో వెలువడుచుండగా పఠనమందిరము రాజకీయ పాఠశాలగ మారెను. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య పడవ ప్రయాణికులు దారి పొడవున పుస్తకములును పత్రికలును చదువుకొనిరి. కాలువలు గల డెల్టాలో గ్రంథాలయము నీటిపై సాగినది. కాలువలు లేని రాయలసీమలో దాని దారి వేరు.

రాయలసీమలో

1800వ సంవత్సరమున నైజాము కుంఫిణీకి వదలివేసిన ఈ ప్రాంతము చిరకాలము దత్తమండలమని పిలువబడెను. 1928లో నంద్యాలలో జరిగిన సభయందు చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమయని పేరు పెట్టిరి. కొత్త పేరు ఊరూర వ్యాపించుటకు పత్రికలే సాధనములు. దూరపు పట్టణముల నుండి వచ్చు దినపత్రికలలో ఈ సీమ కరవు కాటకములకు చోటు తక్కువ. ఆ కొరతను తీర్చుటకు అనంతపురమున పప్పూరి రామాచార్యులు గారు 1926లో శ్రీసాధన పత్రికను ప్రారంభించిరి. స్వాతంత్ర్యోద్యమమున కారాగారమునకేగిన ఆ సంపాదకుడు, పెద్ద పెట్టుబడి లేకయే, జిల్లా వార్తలను, సాహిత్యమును, సీమ సమస్యలను పెక్కేండ్లు ప్రజలముందు ఉంచిరి. ఇట్టి పత్రికలకు చందాదారులే ప్రాణము. చందా రానిచో పత్రిక ఆగును. పత్రిక ఆగినచో ఆ జిల్లా గోడు పలికెడి గొంతు ఆగును. ఉచితముగ చదువగోరువారు మరువరాని సత్యమిది.

1937 నవంబరు 16న చెన్నపట్టణమున నాగేశ్వరరావు పంతులు గారి గృహమగు శ్రీబాగులో కోస్తా, రాయలసీమ నాయకులు సమావేశమై యొడంబడిక చేసికొనిరి. దానినే శ్రీబాగు ఒడంబడిక యందురు. కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు గార్లు అందు పాల్గొన్నవారు. కృష్ణా, తుంగభద్రా జలములలో రాయలసీమకు ప్రాధాన్యమీయవలెనన్నది ఆ యొడంబడికలోని ముఖ్యాంశములలో ఒకటి. ఒక పత్రికాధిపతి ఇంట వ్రాసికొనిన మాట పల్లెటూరి రైతునకు తెలిసినది పత్రికల ద్వారానే. ఆ మాట ఎంతవరకు నెరవేరినదని తరువాతి తరములవారు అడుగగలిగినను, అది పత్రికలలో నిలిచియుండుటచేతనే.

కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో బెజవాడ నుండి స్వరాజ్య పత్రికను వెలువరించి, అందలి వ్రాత కారణముగ రాజద్రోహ నేరముపై కారాగారవాసము ననుభవించిరి. తరువాత ఆయన జీవితము గ్రంథాలయ సంఘమునకును వయోజన విద్యకును అంకితమయ్యెను. పత్రిక వ్రాసి చెరసాలకేగిన ఆయన, పత్రికలను చదువనేర్పుటకై ఊరూర తిరిగిరి. వ్రాయు స్వేచ్ఛయు చదువు అవకాశమును ఒకటి లేక రెండవది నిలువదని ఆయన జీవితము తెలుపుచున్నది. తరిమెల గ్రామమున జన్మించిన విద్వాన్ విశ్వము గారు ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకులై అనంతపురము జిల్లా పేరును తెలుగునాట నలుదిక్కుల నిలిపిరి.

దయ నుండి హక్కు

దాతలు పోయినచో సంస్థలు కూలును. గ్రామ గ్రంథాలయములు పెక్కు పదేండ్లు వెలిగి, పోషకులు గతించిన పిమ్మట మూతపడినవి. ఈ కష్టమునకు విరుగుడుగ వచ్చినది చట్టము. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ గారి కృషి ఫలితముగ 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయముల చట్టము అమలగుటకు మార్గమేర్పడెను. స్వతంత్ర భారతమున ఒక రాష్ట్రము చేసిన తొలి గ్రంథాలయ చట్టమిది. నాడు అనంతపురము మద్రాసు రాష్ట్రమున భాగము గనుక ఆ జిల్లాకు కూడ ఇది వర్తించెను. ఆస్తిపన్ను, ఇంటిపన్నుపై రూపాయికి ఆరు పైలు, అనగా అర అణా, గ్రంథాలయ పన్నుగ విధింపబడెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రాష్ట్రమంతటికిని ఒకే గ్రంథాలయ చట్టము వచ్చెను. జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని క్రింద నడచినవి. పన్ను రేటు కాలక్రమమున రూపాయికి ఎనిమిది పైసలయ్యెను.

అర అణా చిన్న మొత్తమే. దాని అర్థము మాత్రము చిన్నది కాదు. పూరింటివాడును మేడవాడును తమ తమ శక్తికొలది చెల్లించిన పన్నుతో పేపరు బల్లపై పత్రిక చేరుచున్నది. దానిని చదువువాడు ఎవరికిని ఋణపడియుండడు. రచ్చకట్టపై విన్నది దాత దయ; పేపరు బల్లపై చదివినది పౌరుని హక్కు. చందాదారు అలిగినను, దాత గతించినను, ఆ పత్రిక రాక తప్పదు. ఉచిత పఠన చరిత్రలో ఇదియే ముఖ్యమైన మలుపు. వసూలైన పన్ను సకాలమున గ్రంథాలయ సంస్థలకు చేరదను ఆక్షేపణ చాలకాలముగ వినబడుచున్నది. అది సరిదిద్దవలసిన దోషమే గాని, ఆ దోషము వలన హక్కు తగ్గదు.

ఇంతలో పత్రికలు కూడ ఊరికి దగ్గరయ్యెను. 1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున ప్రారంభమైన ఈనాడు, 1989 నుండి జిల్లాకొక అనుబంధమును వెలువరించెను. తమ మండల వార్త తెల్లవారునప్పటికి అచ్చులో కనబడుట పల్లెవాసులకు క్రొత్త అనుభవము. పత్రికకై గ్రంథాలయమున వేచియుండువారి సంఖ్య పెరిగెను. ఒకే పత్రిక పుటలను విడదీసి నలుగురు పంచుకొని చదువుట అన్ని గ్రంథాలయములలోను కనబడు దృశ్యమయ్యెను.

అంతర్జాలమున పత్రిక

1995లో ది హిందూ పత్రిక అంతర్జాలమున అడుగిడెను. భారతదేశపు దినపత్రికలలో అదియే మొదటిది. ఆ దశాబ్ది చివరి సంవత్సరములలో తెలుగు దినపత్రికలు ఒక్కొక్కటిగ అదే బాట పట్టెను. వాటికి తొలి పాఠకులు పల్లెవాసులు కారు. అమెరికాలోను, గల్ఫు దేశములలోను, ఇతర దూరదేశములలోను నివసించు తెలుగువారు. టపాలో వారములు పట్టెడి సొంత ఊరి వార్త, అచ్చగు దినముననే వారికి కనబడెను. అదియు వెల లేకుండ.

వెల ఏల లేదు? అచ్చు పత్రికలో ప్రతి యొక్క ప్రతికిని కాగితము, సిరా, లారీ కిరాయి, ఏజెంటు కమీషను కావలెను. అంతర్జాలమున వేయిమంది చదివినను లక్షమంది చదివినను అదనపు వ్యయము స్వల్పము. పాఠకులు పెరిగినకొలది ప్రకటనల రాబడి పెరుగునని యజమానులు ఆశించిరి. అచ్చు పత్రికను సయితము తయారీ ఖర్చుకంటె తక్కువ వెలకు అమ్మి, లోటును ప్రకటనలతో పూడ్చుట వారికి అలవాటే. సంగీత సభలో ఊరక పంచిన మందు డబ్బీవలె, ఇదియు అలవాటు చేయు ఉపాయమే.

అయితే తొలినాళ్లలో ఆ ఉచిత పత్రికకు ఒక అదృశ్యమైన గడియ యుండెను. పెక్కు తెలుగు పత్రికలు తమకే ప్రత్యేకమగు ఫాంటులను వాడెను. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు అక్షరములకు బదులు అర్థములేని గుర్తులు కనబడెడివి. ఒక పత్రికకు దింపుకొనిన ఫాంటు మరియొక పత్రికకు పనికిరాదు. వెదకినచో వార్త దొరకదు. యూనికోడ్ అను ప్రపంచ లిపి ప్రమాణమున తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, పత్రికలన్నియు దానిని స్వీకరించుటకు చాల సంవత్సరములు పట్టెను. ఈ మధ్యకాలమున భాషాభిమానులు కొందరు, పాత ఫాంటులను యూనికోడునకు మార్చు పద్మ అను ఉపకరణమును తయారుచేసి ఉచితముగ పంచిరి. వెల లేకపోవుట ఒక మెట్టు. అందరికిని అందుబాటులో నుండుట రెండవ మెట్టు. గ్రంథాలయోద్యమకారులు ఈ రెండవ మెట్టునకై పడవ నడిపిరి. వీరు ఉపకరణము చేసిరి.

విదేశముల అనుభవము

ఉచిత పత్రిక ఎంతకాలము ఉచితముగ నుండునను ప్రశ్నకు అమెరికా దేశపు న్యూయార్క్ టైమ్స్ చరిత్ర మంచి ఉదాహరణము. 1996లో ఆ పత్రిక అంతర్జాలమున ప్రవేశించెను. 2005 సెప్టెంబరులో ప్రసిద్ధ వ్యాసకర్తల రచనలకును పాత సంచికలకును తలుపు వేసి, సంవత్సరమునకు 49 డాలర్ల 95 సెంట్లు చందాగ విధించెను. రెండేండ్లలో ఆ చందా మాత్రమే కట్టినవారు సుమారు 2,27,000 మంది. ఏటి రాబడి సుమారు కోటి డాలర్లు. అయినను 2007 సెప్టెంబరులో ఆ తలుపును పత్రికయే తెరచెను. ఏలయన, వెదకు యంత్రముల ద్వారా వచ్చు కొత్త పాఠకులు తలుపు చూచి వెనుదిరుగుచుండిరి. వారిని లోనికి రానిచ్చి ప్రకటనలు చూపినచో చందాకంటె అధిక లాభమని యజమానులు లెక్కవేసిరి.

నాడు అనేకులు వార్తలకు ఇక వెల యుండదని సంతోషించిరి. ఆ సంతోషము నాలుగేండ్లు కూడ నిలువలేదు. ప్రకటనల సొమ్ములో పెద్ద భాగము పత్రికలకు గాక, వెదకు యంత్రములను, సామాజిక మాధ్యమములను నడుపు పెద్ద కంపెనీలకు చేరజొచ్చెను. 2011 మార్చిలో అదే న్యూయార్క్ టైమ్స్ నెలకు 20 వ్యాసములను మాత్రము ఉచితముగ చదువనిచ్చి, ఆపై చందా కోరెను. లండను నగరపు టైమ్స్ 2010లోనే తలుపు వేసెను. గార్డియన్ పత్రిక మాత్రము తలుపు వేయక, పాఠకులను స్వచ్ఛందముగ విరాళమీయుమని కోరెను. భారతదేశమున ది హిందూ కూడ కాలక్రమమున చందా పద్ధతికి వచ్చెను. తెరచుటయు మూయుటయు యజమాని లెక్కలో భాగములు. పాఠకుని అవసరము ఆ లెక్కలో ఒక అంకె మాత్రమే. ఇందు యజమానిని నిందింపవలసిన పని లేదు. విలేఖరికి జీతమీయక పత్రిక నడువదు. కాని వ్యాపారి తన లాభమునకై తెరచిన తలుపును, ఊరు తన పన్నుతో తెరచిన తలుపును ఒక్కటిగ భావింపరాదు.

పాత పత్రికల భాండాగారము

నేటి పత్రికయే గాక నిన్నటి పత్రిక కూడ ప్రజలకు అవసరము. ఈ విషయమున తెలుగునాట జరిగిన మేలైన కార్యము ప్రెస్ అకాడమీ వారిది. 1996లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ, ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక, భారతి మొదలగు పాత పత్రికల సంచికలను ఛాయాచిత్రములుగ మార్చి అంతర్జాలమున ఉంచెను. 1991లో ఆగిపోయిన ఆంధ్రపత్రిక పుటలు ఇట్లు మరల పాఠకుల కన్నుల ముందుకు వచ్చెను. గ్రంథాలయములలో చెదలు పట్టి పొడియగుచుండిన పుటలను ఇంట కూర్చుండి చదువగల భాగ్యము పరిశోధకులకు కలిగెను. దీనికి వెల చెల్లించినది ప్రజాధనము. కావున ఇదియు గ్రంథాలయ పన్ను కోవకు చెందిన ఔచిత్యము గల ఉచితమే.

అయినను యంత్రమున నుంచినది శాశ్వతమని భ్రమింపరాదు. భారతీయ డిజిటల్ గ్రంథాలయ పథకము క్రింద లక్షలాది పాత గ్రంథములు, అందు తెలుగు గ్రంథములు వేలకొలది, అంతర్జాలమున ఉంచబడెను. కొన్నేండ్లకు ఆ ద్వారము మూతపడెను. ముందుచూపు గలవారు ప్రతులను తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్ అను వేరొక చోట భద్రపరచుటచేత పెక్కు పుస్తకములు దక్కినవి. తాళపత్రము నుండి తాళపత్రమునకు ఎత్తి వ్రాసికొనిన పూర్వులు ఈ జాగ్రత్తను ఏనాడో ఎరిగియుండిరి. ఒక చోటనే నున్నది ఒక దినము పోవును. పలు చోట్ల నున్నదే నిలుచును.

గ్రామ గ్రంథాలయ కర్తవ్యము

2016 తరువాత చౌక అంతర్జాలము పల్లెలకు చేరెను. హిందూపురపు పట్టుగూళ్ల ధర, ధర్మవరపు చీరల బేరము, చిత్రావతిలో నీటి రాక, వాన సూచన, ఇవన్నియు తాడిమర్రి మండలపు రైతు చేతిలోని ఫోనులో క్షణమున తెలియుచున్నవి. ఇది గొప్ప మేలు. రచ్చకట్టపై చదువరి కొరకు వేచియుండిన తాతకు దొరకని భాగ్యము మనుమనికి దొరికినది. 2020 మార్చి నెలాఖరున దేశమంతట లాక్‌డౌను విధింపబడి పఠనమందిరములు మూతపడినప్పుడు, అంతర్జాలముననే వేలమంది పత్రికలు చదువుకొనిరి. ఈ ఉపకారమును కాదనుట తగదు.

కాని ఫోను చూపునది పత్రిక మొత్తము కాదు. చదువరి దేనిని ఇదివరకు ఇష్టపడెనో దానినే మరల మరల అతని ముందుంచుట దాని స్వభావము. పేపరు బల్లపై నాలుగు పత్రికలు ప్రక్కప్రక్కన నుండును. ఒకే సంగతిని నాలుగు పత్రికలు నాలుగు విధముల వ్రాయుట చూచినవాడు, దేనిని నమ్మవలెనో తానే తేల్చుకొనుట నేర్చుకొనును. ఎదుట కూర్చున్నవాడు తనకు నచ్చని పత్రికను చదువుచుండగా సహించి కూర్చుండుట కూడ అక్కడనే నేర్చుకొనును. ఎవరు వ్రాసిరో తెలియని పుకారు ఫోనులలో ఊరంతయు వ్యాపించినప్పుడు, దానిని పోల్చి చూచుటకు సంపాదకుని పేరుతో అచ్చయిన పుట ఒకటి ఊరిలో నుండవలెను. అక్షరము రాని వృద్ధులకు చదివి వినిపించుటకు సాటి మనిషి గొంతు కావలెను.

కావున ఉచిత పత్రిక అంతర్జాలమున వచ్చినందున గ్రంథాలయపు పని తీరలేదు, మారినది. గ్రంథాలయ పన్ను ప్రతి గృహస్థు చెల్లించవలెను. ఆ సొమ్ము పేపరు బల్లకు చేరినదా యని అడుగవలెను కూడ. ఊరి పేరు, మండలము పేరు వచ్చిన జిల్లా పుటలను కత్తిరించి, తేదీ వేసి, సంపుటములుగ కుట్టించి భద్రపరచవలెను. తాడిమర్రి చరిత్ర వ్రాయబూనిన భావి విద్యార్థికి అంతకు మించిన ఆధారము మరెచ్చటను లభింపదు. చందా కట్టగలవారు తమకు నచ్చిన పత్రికకు చందా కట్టవలెను. శ్రీసాధన వంటి పత్రికలు బ్రతికినది అట్టి చందాలతోనే. కంప్యూటరొకటి పఠనమందిరమున నుంచి, ప్రెస్ అకాడమీ వంటి భాండాగారములను వెదకుట పిల్లలకు నేర్పవలెను. వారమునకొక సాయంకాలము పత్రికను బిగ్గరగా చదివి వినిపించు పాత ఆచారమును మరల నిలుపవలెను.

పత్రికను ఊరక చదువనిచ్చిన దాతలు గతించిరి. ఊరక చూపిన యజమానులు తలుపులు తెరచుచు మూయుచు నున్నారు. ఈ రెంటి నడుమ నిలిచినది ఊరు తన చేతులతో నిలుపుకొనిన పేపరు బల్ల యొక్కటే. దానికి వెల చెల్లించినది ఊరే గనుక, దానిని తీసివేయు అధికారము మరియొకరికి లేదు. పాతికేండ్లు ఆ బల్లను కాపాడిన గ్రంథాలయ సేవకులకును, చందాదారులకును, పన్ను చెల్లించిన గ్రామస్థులకును తాడిమర్రి ప్రజలు ఋణపడియున్నారు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి కూడ, ఉదయమున తలుపు తీయగనే, చందా అడుగక పత్రికను చేతికందించు బల్ల ఆ గదిలో నుండుగాక.